నూట నలభై మూడో పుట మీది చీటీ

స్టెల్లా ప్రిస్తూపా ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఊరి సంగతులు పత్రికకు రాసింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ పేరు అచ్చులో పడలేదు. అంటే, రాసిన మనిషిగా పడలేదు. "ఆదివారం ప్రిస్తూపా దంపతుల ఇంటికి డాఫిన్ నుంచి చుట్టాలు వచ్చారు" అని ఏడాదికి రెండుసార్లు వచ్చేది. అది కూడా తనే రాసుకునేది, ఎవరో పరాయి ఆవిడ గురించి రాస్తున్నట్టు.

అప్పట్లో కెనడాలో, మా మానిటోబాలో ఏ వారపత్రిక తీసినా అంతే. చుట్టుపక్కల పల్లెకొక ఆడమనిషి కబుర్లు పంపేది. పైన ఊరి పేరు వేసేవారు, కింద ఏమీ వేసేవారు కాదు. సంతకం పెట్టుకుంటే గొప్పలకు పోయినట్టు. మా భాగానికి "థిసిల్ క్రీక్ కబుర్లు" అని పేరు. రాసేది ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

సోమవారం పొద్దున పిల్లలు బడిబస్సు ఎక్కగానే స్టెల్లా కుర్చీ ఒకటి ఫోను దగ్గరికి లాక్కునేది. వరసగా ఇరవై ఇళ్ళకు ఫోన్ చేసేది. "మా ఇంట్లో ఏం విశేషాలుంటాయి స్టెల్లా" అంటే ఆవిడ ఏమీ అనేది కాదు, అలా ఊరుకుని ఉండేది. ఆ నిశ్శబ్దం భరించలేక అవతలివాళ్ళే చెప్పుకొచ్చేవారు: మరిది వచ్చి వెళ్ళాడని, కుక్క ఈనిందని, పెద్దాయనకు పళ్ళు కట్టించారని. మధ్యాహ్నం రొట్టెల పిండి పొంగేలోగా వంటింటి బల్ల మీద రాసేసి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చేది.

ఆవిడ రాతలో ఒక కొంటెతనం ఉండేది. "ఈ వారం కూడా వాన పడలేదు. మీ చేలో పడి ఉంటే దయచేసి పైకి చెప్పకండి" అని ఒక ఏడు రాసింది. ఇంకోసారి, "మక్రేగారి ఎర్రావు బుధవారం మళ్ళీ బడికి వెళ్ళింది. ఈసారి ఆరో తరగతి గది దాకా వెళ్ళింది. ఆ ఇంట్లో అంతవరకు వెళ్ళింది అదొక్కటే" అని రాస్తే, మక్రే రెండు నెలలు మాట్లాడలేదు. కానీ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాడు.

ఎప్పుడూ వెక్కిరింపే అనుకోకండి. ఎల్సీ హోమ్ అనే ఆవిడ స్టెల్లాకు ప్రాణస్నేహితురాలు, పక్క పొలం. డెబ్భై ఎనిమిదిలో కేన్సరుతో పోయింది. ఆ వారం కబుర్లలో మంచు మీద ఆడే కర్లింగ్ ఆట ఫలితాలకీ చర్చి మీటింగుకీ మధ్య ఇలా ఉంది: "మంగళవారం ఎల్సీ హోమ్ పోయింది. ఆమె కిటికీలో దీపం వెలగకపోయేసరికి మా ఇంటికి దారి ఇంత పొడుగని తెలిసింది." అంతే. మా ఊళ్ళో సగం ఇళ్ళలో ఆ ముక్క బైబిల్లో పెట్టి ఉండేది.

ఎనభై తొమ్మిదిలో ఆ పత్రిక మూతపడింది. స్టెల్లా అప్పటిదాకా వచ్చినవన్నీ పాత వాల్‌పేపర్ నమూనా పుస్తకాల్లో వరసగా అంటించి దాచింది. పదకొండు పుస్తకాలు.

ఇక ఫోర్సైత్ మాస్టారి గురించి చెప్పాలి. డంకన్ ఫోర్సైత్, మా బడికి ఇరవై రెండేళ్ళు హెడ్మాస్టరు. ఈ ఊళ్ళో నలభై దాటిన ప్రతివాడూ ఆయన చేతికింద చదివినవాడే, నాతో సహా. ఆయనకు కాపీ అంటే ఒళ్ళు మంట. ఏడో తరగతిలో నేను చెట్లు కొరికి వాగులకు కట్టలు కట్టే బీవర్లనే జంతువుల మీద వ్యాసం విజ్ఞాన సర్వస్వంలోంచి ఎత్తి రాశాను. బీవరు పళ్ళ గురించి పన్నెండేళ్ళ పిల్ల అంత బాగా రాయదని ఆయన పట్టేశారు. క్లాసు ముందు నిలబెట్టి చదివించారు, ప్రతి వాక్యం తర్వాత "ఇది నాది కాదు" అనిపిస్తూ. పద్దెనిమిది వాక్యాలు. ఈనాటికీ బీవరును చూస్తే నాకు చెవులు వేడెక్కుతాయి.

రెండువేల ఎనిమిదికి ఊరికి నూరేళ్ళు నిండుతాయని చరిత్ర పుస్తకం కమిటీ వేశారు. మాస్టారు అధ్యక్షుడు. నేను ఊరి ఆఫీసులో గుమాస్తాను కాబట్టి టైపు, మినిట్సు నా నెత్తిన పడ్డాయి. ఇలాంటి పుస్తకాలకు ఒక పద్ధతి ఉంది: ఎవరి కుటుంబం గురించి వాళ్ళే ఒక పుట రాసిస్తారు, ముందు భాగంలో ఊరి కథ ఉంటుంది. ఆ ఊరి కథ మాస్టారు రాస్తానన్నారు. స్టెల్లా దగ్గరకు వెళ్ళి, చూసి ఇస్తానని పదకొండు పుస్తకాలూ కారు వెనక వేసుకొచ్చారు. ఆవిడ పొంగిపోయింది. కాగితాలు నలగకుండా మధ్యలో పెట్టుకోవడానికి మైనపు కాగితం కూడా ఇచ్చిందట.

ఆయన నాకు తెచ్చిచ్చింది ఏమిటంటే, ఆ పుస్తకాలే, అక్కడక్కడా చీటీలు పెట్టి. "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా కొట్టు డార్లీన్." కొట్టాను. మధ్యలో కలపడానికి ఆయన వాక్యాలు కొన్ని ఉండేవి, "కాలచక్రం తిరిగింది" లాంటివి. మొదటిసారి కొట్టినప్పుడు ప్రతి ముక్క కింద "థిసిల్ క్రీక్ కబుర్లు" అని, ఏ ఏడుదో వేశాను. ఆయన ఎర్ర పెన్నుతో అన్నీ కొట్టేసి, చదువుతుంటే కాలికి అడ్డం పడుతున్నాయన్నారు. నేను తీసేశాను. ఆ ఎర్ర గీతల కాగితాలు మాత్రం ఎందుకో పారెయ్యకుండా బీరువాలో పడేశాను.

పుస్తకం అక్టోబరులో, ఊరి హాల్లో టర్కీ కోడి విందు రోజున విడుదలైంది. అట్ట మీద "నాగలి వెంట నూరేళ్ళు", కింద "రచన: డంకన్ ఫోర్సైత్". లోపల ఒక చోట "వివరాలు అందించిన స్థానిక మహిళలకు కృతజ్ఞతలు" అని ఉంది.

ఆ రోజు స్టెల్లా వడ్డన బల్ల దగ్గర ఉంది, నలిపిన బంగాళదుంపలు వడ్డిస్తూ. వరసలో వచ్చేవాళ్ళు కంచాలు పట్టుకునే మాస్టారి భుజం తట్టి పోతున్నారు. ఆరో తరగతికి వెళ్ళిన ఆవు గురించి చెప్పుకుని పగలబడి నవ్వుతున్నారు. మాస్టారు తల వంచుకుని, అప్పుడప్పుడు కలం అలా పరుగెత్తుతుందని చెబుతున్నారు. మక్రే కొడుకు, తండ్రి ఫ్రిజ్ మీద ఆ ముక్క పదేళ్ళు చూసినవాడు, "మీరు భలే రాశారు సార్" అన్నాడు. వాడు నిజంగా మరిచిపోయాడో, మాస్టారి ముందు నోరు పెగల్లేదో తెలియదు.

తర్వాత మాస్టారు మైకు ముందుకొచ్చి పుస్తకంలోంచి ఒక భాగం చదివారు. ఏరి ఏరి ఎల్సీ కిటికీ చదివారు. ఆయన గొంతు మంచిది. హాలంతా ముక్కులు ఎగబీల్చారు. నేను స్టెల్లా వైపు చూశాను. గరిటె బంగాళదుంపల్లో గుచ్చి ఉంది, చెయ్యి దాని మీద ఉంది. ఎల్సీ పోయే ముందు పదహారు రోజులు ఆవిడ పక్కన కూచున్నది ఈవిడే. చదవడం అయ్యాక మాస్టారు రెండోసారి కంచం పట్టుకొచ్చారు. స్టెల్లా ఆయనకు వడ్డించి, గ్రేవీ కావాలా అని అడిగింది.

మొదటి అచ్చు నాలుగు వందలూ నెలలో అయిపోయాయి. రెండో అచ్చు వేయిద్దామన్నారు. నవంబరులో ఒక మధ్యాహ్నం మాస్టారు తప్పొప్పుల పట్టిక ఇవ్వడానికి ఆఫీసుకు వస్తే, ఆయన కారు చూసి స్టెల్లా కూడా లోపలికొచ్చింది.

"రా స్టెల్లా. ఈ ఏడు విందులో నీ క్యాబేజీ చుట్టలు అద్భుతం" అన్నారు ఆయన.

"నేను బంగాళదుంపల దగ్గరున్నాను మాస్టారూ. చుట్టలు నాన్సీవి. ఎవరివి వాళ్ళకే చెప్పాలిగా."

నేను కంప్యూటర్ తెర వైపు తిరిగిపోయాను.

రెండో అచ్చులో ఒకే ఒక్క వాక్యం కావాలని ఆవిడ అడిగింది: ఈ భాగాలు ఫలానా పత్రికలో స్టెల్లా ప్రిస్తూపా రాసినవి, అని. అట్ట మీద కాదు, లోపల ఎక్కడైనా సరే. మాస్టారు స్థానిక మహిళల సంగతి గుర్తుచేశారు.

"స్థానిక మహిళలు ముప్ఫైమంది ఉన్నారు. సోమవారం సోమవారం రాసింది ఒకర్తే" అంది స్టెల్లా.

"అలా కాదు. నువ్వు రాసినవి వార్తలు. ఎవరొచ్చారు, ఎవరు పోయారు. వార్తకి సొంతదారు ఎవరు? దాన్ని చరిత్రగా మలిచింది నేను."

"ఎల్సీ కిటికీ కూడా వార్తేనా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఒక మాట అడుగుతాను. నీ పేరు అందులో ఎక్కడైనా ఉందా? పేరు లేనిదాన్ని ఎవరిదని రాయమంటావు?"

"ఊరందరికీ తెలుసు నాదని."

"తెలుసు కదా. ఇంక అచ్చులో దేనికి?"

స్టెల్లా ఫోనులో చేసేదే చేసింది, ఊరుకుని నిలబడింది. మాస్టారి దగ్గర అది పని చెయ్యలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "డార్లీన్, బీవర్ల వ్యాసానికి నీకెన్ని మార్కులు వేశారు?" అంది.

"సున్నా" అన్నాను.

"అది బడి" అన్నారు మాస్టారు, టోపీ పెట్టుకుంటూ.

జనవరిలో కమిటీ ముందు పెట్టమని ఆవిడ కాగితం రాసిచ్చింది. కర్లింగ్ హాలు మేడ మీద గదిలో కూచున్నాం, మధ్యాహ్నం రెండింటికి. కమిటీవాళ్ళం నాతో కలిపి ఏడుగురం, ఎదురుగా స్టెల్లా. అందులో ఎల్సీ కూతురు కొరీన్ ఉంది, ఎనభై దాటిన హరాల్డ్ లిండ్‌క్విస్ట్ ఉన్నాడు.

మాస్టారు నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పారు. పురపాలక రిజిస్టర్లు, చర్చి పుస్తకాలు, తన సొంత జ్ఞాపకాలు, ఇన్ని చోట్ల నుంచి సేకరించానన్నారు. ఒకే విషయం ఇద్దరు రాస్తే మాటలు కలవడం సహజమన్నారు. అందరూ తలలూపారు. స్టెల్లా నూట నలభై మూడో పుట పైకి చదవమంది. ఆయన సంతోషంగా చదివారు.

"వాగు అవతల తొలితరం రైతుల్లో ఆంబ్రోస్, హెస్టర్ పెటిగ్రూ దంపతులు ఎన్నదగినవారు. హెస్టర్ చేసే నిమ్మకాయ తీపి రొట్టె కోసం మంచులో కూడా జనం వెళ్ళేవారు. ఆంబ్రోస్ ఊపిరితిత్తుల జబ్బు వల్ల డెబ్భై ఒకటిలో పడమటి తీరానికి తరలిపోయారు. ఆయన కరచాలనపు బిగువు ఈనాటికీ నా అరచేతిలో ఉంది."

"ఇది మీకెక్కడ దొరికింది?" అని అడిగింది స్టెల్లా.

"దొరకడమేమిటి? నాకు స్వయంగా తెలిసినవాళ్ళు."

"వాళ్ళు లేరు మాస్టారూ. వాళ్ళని నేను పుట్టించాను."



అప్పుడావిడ చెప్పింది. అరవై ఏడు జనవరిలో మంచుతుఫాను. రెండు వారాలు ఫోన్లు లేవు, దార్లు లేవు. దారి తెరవగానే, ఆ సాయంత్రం బస్సుకు కబుర్లు రాకపోతే మన చోటు పక్క ఊరికి ఇచ్చేస్తానని ఎడిటరు డ్రైవరుతో కబురు చేశాడు. చెప్పుకోవడానికి ఏమీ లేక, పెటిగ్రూలని ఒక ఇంటివాళ్ళని కల్పించి, వాళ్ళింటికి ఒక మేనకోడల్ని రప్పించి, ఒక నిమ్మకాయ తీపి రొట్టె చేయించింది. మర్నాడే ఎవరో ఒకరు అడుగుతారనుకుంది. ఎవరూ అడగలేదు. వాగు ఇవతలివాళ్ళు పెటిగ్రూలు అవతల ఉంటారనుకున్నారు, అవతలివాళ్ళు ఇవతల ఉంటారనుకున్నారు. పక్కవాళ్ళెవరో తెలియదని ఒప్పుకోవడం మా దగ్గర తలవంపులు. అలా నాలుగేళ్ళు నెట్టుకొచ్చి, ఇంక భయమేసి, ఆంబ్రోస్‌కి జబ్బు తెప్పించి పంపేసింది.

"ఎక్కడా లేనివాళ్ళు మీ రిజిస్టర్లలో ఎలా ఉంటారు? నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండరు" అంది.

నిజానికి అక్కడితో అయిపోవాలి. దొంగ దొరికిపోయాడు. కానీ నలభై ఏళ్ళుగా అందరికీ తెలిసిన మనుషులు లేకుండా పోయేసరికి, ఆ గదిలో ఒక్కొక్కరి ముఖమూ ఒక్కోలా అయింది. ముందు హరాల్డ్ కోపంగా లేచాడు.

"ఆంబ్రోస్‌తో నేను కర్లింగ్ ఆడాను. ఎడమచేతి వాటం."

"ఎడమచేతి వాటమని నేనెప్పుడూ రాయలేదే హరాల్డ్" అంది స్టెల్లా.

ఒకరిద్దరు నవ్వారు. అది కూడా తప్పయిపోయింది, హరాల్డ్ ముఖం ఎర్రబడింది. అప్పుడు కొరీన్ మాట్లాడింది, చాలా చిన్న గొంతుతో.

"మరి మా అమ్మ గురించి రాసింది?"

"అది నిజం కొరీన్."

"నాకెలా తెలుస్తుంది?"

స్టెల్లా ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇరవై ఇళ్ళకు ఫోన్ చేసి రాసిన మనిషి. ఆ ప్రశ్న ఆ దిక్కు నుంచి వస్తుందని ఆవిడ అనుకోలేదు. తర్వాత ఇంకొకాయన, అరవై మూడులో తన తల్లి కుట్టిన దుప్పటికి వచ్చిన మొదటి బహుమతి కూడా కల్పనేనా అని అడిగాడు. మాస్టారికి గొంతు తిరిగొచ్చింది. చూశారా, అన్నారు. ఆధారంగా తీసుకున్న పత్రికే ఇలా ఉంటే చరిత్రకారుడు ఏం చేస్తాడు అన్నారు. క్షణం క్రితం వరకు ఆ పత్రిక ఆయనకు ఆధారం కాదు. అది ఎవరూ గమనించలేదు. గమనించిన దాన్ని నేను.

స్టెల్లా నా వైపు చూసింది. ఆ పుస్తకాల్లో చీటీలు ఎలా పెట్టారో, ఎర్ర పెన్ను ఎక్కడెక్కడ తిరిగిందో తెలిసింది నాకొక్కదానికే. కాగితాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, నడిచి వెళ్తే నాలుగు నిమిషాలు. ఆవిడకు ఆ కాగితాల సంగతి తెలియదు, కానీ టైపు చేసింది నేనేనని తెలుసు. నేను మినిట్సు పుస్తకంలో తారీఖు రాశాను. దాని కింద తారీఖు మళ్ళీ రాశాను. ఆయనంటే భయమేమీ లేదు, నా ఉద్యోగం ఆయన చేతిలో లేదు. ఆయన అలా మా ముందు నిలబడితే నేనింకా ఏడో తరగతిలోనే ఉన్నాను, అంతకంటే చెప్పుకోవడానికి కారణం లేదు.

రెండో అచ్చు పుటలు అప్పటికే విన్నిపెగ్‌లో ప్రెస్సు ఎక్కేశాయి. కాబట్టి సవరణ చీటీ ఒకటి అంటించాలని కొరీన్ ప్రతిపాదించింది, అందరూ చేతులెత్తారు. స్టెల్లా అడిగిన వాక్యం గురించి ఎవరూ చేతులెత్తమనలేదు. చీటీ మాస్టారే రాశారు:

"పుట 143: ఇందులో పేర్కొన్న పెటిగ్రూ దంపతులు కల్పిత వ్యక్తులు. ఈ పొరపాటు శ్రీమతి స్టెల్లా ప్రిస్తూపా వల్ల జరిగింది. పాఠకులు మన్నించాలి. రచయిత."

కరచాలనం గురించి చీటీలో ఏమీ లేదు.

ఆ చలికాలమంతా కాఫీ కొట్లో ఆవిడ కనబడితే చాలు, పెటిగ్రూలు కులాసానా అని అడిగేవారు. మొదట్లో ఆవిడ కూడా ఏదో ఒకటి అని నవ్వించేది. ఫిబ్రవరికి రావడం మానేసింది. మాస్టారికి ఇబ్బంది పది రోజులుంది. వసంతంలో జిల్లా చరిత్ర సంఘం వాళ్ళు ఆయనకు ఒక కొయ్య ఫలకం ఇచ్చారు. దాని మీద ఆయన శైలిని, ముఖ్యంగా ఆయన హాస్యాన్ని మెచ్చుకున్నారు.

మార్చిలో మూడు వందల పుస్తకాలు ఆఫీసుకు వచ్చాయి. చీటీలు అంటించే పని నాదే. రెండో రోజు స్టెల్లా వచ్చింది, బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని. ఒక పుస్తకం కావాలంది. మొదటి అచ్చుది ఆవిడ తీసుకోనే లేదని అప్పుడు తెలిసింది.

"చీటీ అంటించినది ఇయ్యి" అంది.

కట్ట మీదది తీసి ఇచ్చాను. నిలబడే ఆ పుట తీసి చదువుకుంది. తొందరపడలేదు. మాస్టారి ఊరి కథలో సగం ఆవిడ వాక్యాలే, అందులో ఆవిడ పేరు అక్కడొక్క చోటే ఉంది. చీటీ మూల గోటితో గీరి చూసింది. అది లేవలేదు.

"గట్టిగానే అంటించావు."

ఆ రోజు గదిలో నేను నోరు విప్పి ఉండాల్సిందని చెప్పాను. ఎర్ర గీతల కాగితాలు ఇంకా ఉన్నాయని కూడా చెప్పాను, ఇప్పుడైనా కమిటీకి చూపిస్తానన్నాను. ఆవిడ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

"విప్పాల్సింది" అంది. "ఇప్పుడు చూపిస్తే నీకు బావుంటుంది డార్లీన్. కొరీన్‌కి నా మాట మీద నమ్మకం రాదు."

తలుపు దాకా వెళ్ళి ఆగింది. నేను ఇంకేదో అంటుందనుకున్నాను. చేతి తొడుగులు వేసుకుని, బయట గాలి ఎటు వీస్తోందో అద్దంలోంచి చూసుకుని వెళ్ళిపోయింది. నేను మిగిలిన వాటికి అంటించడం మొదలుపెట్టాను. ఇంకా నూట అరవై ఉన్నాయి.